గోడ మీద నా బొటనవేలు

కొల్నారలో మా మావగారి రేషన్ డిపో గోడకి నా బొటనవేలు అంటించి ఉంది. పోయినవారం కథ అక్కడ ఆగింది.

వేలంటే వేలు కాదు, దాని ముద్ర. ఒక పూర్తి కాగితం నిండేలా పెద్దది చేసి అచ్చువేశారు. గీతలు దుక్కి చాళ్ళలా ఒకదాని పక్కన ఒకటి తిరిగి ఉన్నాయి. వాటిని అడ్డంగా కోస్తూ తెల్లటి గాటు ఒకటి. కింద ఒడియాలో, ఈ వేలిముద్ర ఎవరిదో తెలిసినవాళ్ళు బ్లాకు ఆఫీసులో చెప్పాలని రాసి ఉంది. పంచాయతీ ఆఫీసు తలుపు మీద ఇదే కాగితం. బస్సులాగే చోట టీకొట్టు తడిక మీదా ఇదే. టీ తాగేవాళ్ళు దాని మీద చెయ్యి ఆనించి కబుర్లు చెప్పుకుంటారు. అది నాదని మా ఇంట్లో నాకు తప్ప ఇంకెవరికీ తెలీదని ఆ శుక్రవారం పొద్దుటి వరకూ నా నమ్మకం.

కథలోకి మధ్యలో వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. అది రెండువేల తొమ్మిది. ఆ ఫిబ్రవరిలో, అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు, రేషన్ కార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి కొల్నార హైస్కూల్లో క్యాంపు పెట్టారు. ప్రతి మనిషి వేలిముద్రా ఫోటో తీసుకుంటే దొంగకార్డులు వాటంతటవే రాలిపోతాయని అన్నారు. బీయస్సీ కంప్యూటర్స్ చదివి రాయగడలో మా నాన్న మీద పడి తింటున్న నన్ను కాంట్రాక్టరు ఆపరేటర్‌గా తీసుకున్నాడు. నలుగురం ఆపరేటర్లం, నాలుగు బల్లలు, నలుగురికీ ఒకటే పాస్‌వర్డ్. మర్చిపోతామని కాగితం మీద రాసి కంప్యూటర్ మూతలకి అంటించాడు మహానుభావుడు. జిల్లాలో ఎవరు ఎవరో చెప్పగలిగే ఆ యంత్రానికి, తన ముందు కూర్చున్న నేనెవరో మాత్రం తెలీదు.

మూడోరోజు ఒకతను స్కూటరు మీద ఒక ముసలామెను ఎక్కించుకొచ్చి నా బల్ల పక్కన కూర్చోబెట్టాడు. ఆమె పేరు బుల్లి. నలభై ఏళ్ళుగా చింతపండు గొడౌనులో గింజ తీసే చేతులు. పులుపూ కొట్టుడుకర్రా కలిసి ఆ వేళ్ళని గులకరాళ్ళలా నున్నగా చేసేశాయి. యంత్రం అద్దం మీద ఏ వేలు పెట్టినా ఎర్రలైటే. మూడుసార్లు ఎర్రలైటు పడితే ఫారం పక్కన పెట్టేయాలి. ఆ మనిషి పనులు మానుకుని జిల్లా ఆఫీసు చుట్టూ తిరిగి కాగితం తెచ్చుకోవాలి.

"మేడమ్, ఈవిడకి ఏదో ఒకటి చూడండి. ఒక్కరోజు పన్లోకి ఎళ్ళకపోతే ఆ ఇంట్లో పొయ్యి ఎలగదు" అన్నాడు అతను. అంటున్నప్పుడు అతని చెవులు ఎర్రబడ్డాయి.

నేను ఆ చెవులనే చూస్తూ, కుడిచెయ్యి మౌస్ మీంచి తియ్యకుండా, ఎడమచేతి బొటనవేలు అద్దం మీద పెట్టేశాను. పచ్చలైటు వెలిగింది. కంప్యూటర్ మూత అడ్డం ఉంది కనక అతనికి కనిపించలేదు. పక్కనే కూర్చున్న బుల్లికి కనిపించింది. లేచేటప్పుడు నా చెయ్యి తీసుకుని ఆ వేలిని తన కళ్ళకి అద్దుకుంది.

తర్వాత రెండురోజుల్లో ఆ గొడౌను ఆడవాళ్ళు పదహారుమంది మిగతా బల్లలు వదిలేసి నా బల్ల దగ్గరికే వచ్చారు. ఒకరికి వేసి ఒకరికి వెయ్యననడం నాకు చేతకాలేదు. మొత్తం పదిహేడు.

ఆ చెవులతని పేరు రఘు. మే నెలలో అతన్నే పెళ్ళి చేసుకున్నాను. అతని నాన్నగారు, గణపతిరావు గారు, కొల్నార రేషన్ డిపో డీలరు. ఆ పదిహేడు కార్డులూ ఆయన డిపోవే.

పదిహేడు కార్డులకీ ఒకటే వేలని భువనేశ్వర్‌లో కంప్యూటర్ పట్టేసుకుంది. రెండు నెలలుగా ఆ ఇళ్ళకి బియ్యం ఆగిపోయాయి. లేని మనుషుల్ని డీలరే పుట్టించి వాళ్ళ బియ్యం తినేశాడని అనుమానం. శనివారంలోగా ఆ వేలు ఎవరిదో తేలితే, ఆ ఆడవాళ్ళు నిజం మనుషులేనని రాసుకుని మళ్ళీ పేర్లు ఎక్కిస్తారు. తేలకపోతే పదిహేడు కార్డులూ కొట్టేస్తారు, డిపో కూడా తీసేసుకుంటారు.

నేనేనని చెప్పేస్తే అయిపోతుంది కదా అనుకుంటారు మీరు. నేనూ అలాగే అనుకుని మూడుసార్లు నోరు తెరిచాను. తెరిచిన ప్రతిసారీ ఒకే వాక్యం గుర్తొచ్చి మూసుకున్నాను. డీలరు కోడలి వేలే. పెళ్ళికి ముందో తర్వాతో ఎవడు చూస్తాడు. మావగారి మెడకి ఉరితాడు వెతుకుతున్నవాళ్ళకి తాడు పేని చేతికిచ్చినట్టే.

ఇంత భయంలో కూడా ఆషాఢం వచ్చినందుకు నాకు ఎంత సంతోషమో.

కొత్తకోడలు ఆషాఢంలో అత్తగారి గడప తొక్కకూడదు గనక నన్ను రాయగడలో పుట్టింటికి పంపేశారు. దాంతో అత్తవారి కార్డులో నా పేరు చేర్చే పని వెనక్కి పోయింది. పేరు చేర్చాలంటే వేలు పెట్టాలి. వేలు పెడితే యంత్రం అరిచి చెప్తుంది. నెల గడవనీ, ఈలోగా శనివారం వెళ్ళిపోతుందని రోజులు లెక్కపెట్టుకున్నాను. బుల్లి గుర్తొచ్చినప్పుడు లెక్క తప్పేది.

రఘు మాత్రం రోజు విడిచి రోజు ఏదో వంక పెట్టుకుని వచ్చేవాడు. ఒకరోజు పనసతొనలు. ఒకరోజు మజ్జిగౌరమ్మ గుడి కుంకం. ఒకరోజు ఏమీ దొరక్క మా అమ్మకే ఆమె గొడుగు తెచ్చి ఇచ్చాడు, పోయినసారి తను పట్టుకుపోయినదే. మా అమ్మ సూర్యకాంతమ్మకి అల్లుడి తెలివి అర్థమై, వంటింట్లో పని లేకపోయినా గిన్నెలు చప్పుడు చేస్తూ ఉండేది. మేం మేడమెట్ల మీద కూర్చునేవాళ్ళం. పెళ్ళైన కొత్తలో అతను నా ఎడమ బొటనవేలు పట్టుకుని దాని మీది గాటు చూసి, "ఇదేటి, రాయగడ నుంచి ఇజీనగరం రైలు లైనా?" అనేవాడు. పదేళ్ళప్పుడు కత్తిపీట మీద కొబ్బరికాయ కోరుతూ తెచ్చుకున్న గాటు అది. "ఇక్కడ పార్వతీపురం, ఇక్కడ బొబ్బిలి" అని ఒక్కో స్టేషనూ ముద్దు పెట్టుకుంటూ వెళ్ళేవాడు. ఇజీనగరం ఎప్పుడూ రాదు. బండి మధ్యలోనే దారి తప్పుతుంది.

గురువారం మధ్యాహ్నం మా అమ్మ గోరింటాకు రుబ్బి నా పది వేళ్ళకీ టోపీలు పెట్టింది. శుక్రవారం పొద్దుటికి చందమామ కూడా అసూయపడేలా పండాయి. వేళ్ళు రఘుకి చూపించాలని తలుపు దగ్గరే నిలబడ్డాను. స్కూటరు చప్పుడు విని మెట్లు దిగాను.

అతను వేళ్ళ వైపు చూడలేదు.

"తయారవ్వు. కొల్నార ఎళ్దాం" అన్నాడు.

"ఆషాఢం కదండీ."

"అమ్మే చెప్పింది. కొట్టు ఇల్లు కాదు గాబట్టి కొట్టు గడప ఎక్కొచ్చట. విచారణకని బ్లాకు ఆఫీసునించి ఉమాపతిగారు మెషీన్ పట్టుకొచ్చేరు. ఇవాళే ఆఖరు, ఇంట్లో అందరి వేళ్ళూ సరిచూస్తానన్నారు. డీలరు ఇంట్లోవాళ్ళవి మొదట చూడాలని పైనుంచి రాసేరట."

శాస్త్రం నా పక్కన ఉందనుకున్నాను. శాస్త్రం చదివినవాళ్ళకంటే మా అత్తగారికి దాని సందులు బాగా తెలుసు.

దారిలో ఎప్పటిలా అతని వీపుకి ఆనుకుని కూర్చున్నాను. వాన వెలిసి రోడ్డు తళతళలాడుతోంది. పొలాల్లో నాట్లు మొదలయ్యాయి. పచ్చటి ఆకుమడుల పక్కన తెల్లకొంగలు. మామూలుగా అయితే నేను ఒక్కొక్క కొంగనీ అతనికి చూపించి విసిగించేదాన్ని. ఆ రోజు ఒక్కదాన్నీ చూపించలేదు. ఇప్పుడు చెప్పేయాలి, ఈ మలుపులో చెప్పేయాలి, ఆ కల్వర్టు దాటాక చెప్పేయాలి అనుకుంటూనే కొల్నార వచ్చేసింది.

డిపో ముందు స్కూటరు ఆగింది. రోడ్డుకి అవతల మా అత్తవారిల్లు. ఆషాఢంలో అత్తాకోడళ్ళు మొహాలు చూసుకోకూడదని మా అత్తగారు పుణ్యవతమ్మ పట్టు. అందుకని ఆవిడ తన గుమ్మంలో రోడ్డుకి వీపు పెట్టి నిలబడి, ద్వారబంధంతో మాట్లాడుతున్నట్టు గట్టిగా అంది.

"ఒరే రఘూ, గారెలు డబ్బాలో పెట్టేను. ఆ అమ్మిని తినమని సెప్పు. సిక్కిపోయిందేటి, మొహం ఎలగున్నాది?"

"మొహం బానే ఉంది, నువ్వు ఇటు తిరక్కు" అన్నాడు రఘు.

నవ్వొచ్చింది నాకు. నిజంగానే వచ్చింది. గారెల డబ్బా పట్టుకుని డిపో గడప ఎక్కేసరికి ఎదురుగా గోడ మీద నా వేలు కనిపించి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

మావగారు ఎప్పటిలా తెల్లపంచె కట్టుకుని ఖాళీ బస్తాలు మడత పెడుతున్నారు. మడత పెట్టినవే విప్పి మళ్ళీ మడత పెడుతున్నారు. రెండు నెలల్లో ఆయన మెడ సన్నబడి చొక్కా కాలరు వెడల్పైంది.

"రామ్మా. ఆ పీటమీద కూకో. ఇదంతా మనకి ఎందుకొచ్చిందోగాని, నువ్వేటీ బయపడకు. వేలు పెట్టడం, ఎల్లిపోవడం" అన్నారు.

బల్ల వెనక ఉమాపతిగారు. విచారణకి వచ్చిన మనిషంటే మీసాలు తిప్పుతాడనుకున్నాను. ఈయన పార్లాకిమిడి మనిషి, యాభై దాటినవాడు, భుజం మీద తువ్వాలుతో యంత్రం అద్దాన్ని పసిపిల్ల మూతి తుడిచినట్టు తుడుస్తున్నాడు. తెలుగు మనలాగే మాట్లాడతాడు. మధ్యలో 'హఉ, హఉ' అని ఒడియాలో ఊ కొడతాడు. కోపం లేని మనిషి. కోపమున్నవాడైతే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది.

"కూర్చోమ్మా, ముందు ఈమె పని అవనీ" అన్నాడాయన.

బల్లకి ఇవతల నేలమీద ఒక ముసలామె మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది. తల తిప్పింది. బుల్లి.

నన్ను చూసింది. ముందు నా మొహం, తర్వాత నా చేతులు. ఎడమచెయ్యి దగ్గర చూపు ఆగింది. ఆ యంత్రం నన్ను పట్టుకోడానికి రెండు నెలలుగా వెతుకుతోంది. ఈమెకి ఒక్క రెప్పపాటు చాలింది. నేను గారెల డబ్బా కింద పెట్టి పీటమీద కూర్చున్నాను.

"చెప్పు బుల్లీ. ఫిబ్రవరిలో క్యాంపుకి వెళ్ళేవా?" అడిగాడు ఉమాపతిగారు.

"ఎల్లేను బాబూ."

"ఎవరు తీసుకెళ్ళేరు?"

"నా కాల్లే తీసుకెల్నాయి."

రఘు తలుపు దగ్గర కదిలాడు. స్కూటరు మాట ఆమె ఎత్తలేదు.

"అక్కడ వేలెవరు పెట్టేరు?"

"నేనే ఎట్టేను."

"ఆ గోడ మీద వేలు చూసేవు కదా. దానికి గాటుంది. నీ వేలికి లేదు. అది నీది కాదు."

"ముసిల్దాన్నయిపోనాను. గాటు మానిపోనాదేమో."

"హఉ" అన్నాడాయన విసుక్కోకుండా. "ఆ రోజు బల్ల వెనక కూర్చున్న ఆపరేటరు ఆడమనిషా, మగమనిషా?"

బుల్లి నా వైపు చూడలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఉంది.

"కళ్ళు ఆనవు బాబూ. ఆడో మగో, నీలాటి ఆపీసరే అనుకున్నాను."

"బాగా ఆలోచించుకో. ఆ మనిషి ఎవరో చెప్తే నీ బియ్యం నీకొస్తాయి. చెప్పకపోతే ఈ వేలు నీది కాదు గాబట్టి, ఈ కార్డు ఉన్న మనిషి నువ్వని చెప్పడానికి నా దగ్గర ఏం లేదు. ఇంట్లో ఎవరున్నారు?"

"నా మొగుడున్నాడు. మంచంమీదే. పచ్చవాతం."

"అతని బియ్యం కూడా ఈ కార్డులోవే కదా."

"అవి గూడా ఇందులోయే."

"అయితే చెప్పు."

"తెల్దు బాబూ" అంది బుల్లి.

ఆయన యంత్రాన్ని ఆమె ముందుకి జరిపాడు. ఆమె చీరకొంగుతో బొటనవేలు తుడుచుకుని అద్దం మీద పెట్టింది. ఎర్రలైటు. చూపుడువేలు. ఎర్రలైటు. రెండోచేతిది. మళ్ళీ ఎర్రలైటు.

"చూసేవా, నువ్వు లేవంటోంది."

బుల్లి తన వేలిని తిప్పి చూసుకుంది. "నీ ఎదటే కూకున్నాను గదా బాబూ. లేనేటి?"

మావగారు బస్తా మడత ఆపేశారు. "అయ్యా, ఈమె పెళ్ళినాడు దీపం ఎలిగించింది మా నాయన. నలభై యేళ్ళనించీ తెల్సు. నేను రాసిస్తాను, సంతకం పెడతాను, ఈ బుల్లి ఈ బుల్లే అని."

"మీ సంతకం వద్దు గణపతిరావు గారూ. మీరు ఎంత రాసిస్తే అంత అనుమానం. మనుషుల మాట మీద నమ్మకం లేకే కదా ఈ మెషీన్ తెచ్చేరు." అదే మెత్తటి గొంతుతో అని, కాగితం మీద ఒక వరస రాసుకున్నాడు. తలకిందులుగా ఉన్నా నాకు చదవడానికి వీలైంది. మనిషి రుజువు కాలేదు, కార్డు రద్దుకి సిఫార్సు. క్రమసంఖ్య ఒకటి. కింద ఇంకా పదహారు ఖాళీ వరసలు గీసి ఉన్నాయి.

బుల్లి లేచి గడప దిగి అరుగు అంచున కూర్చుంది. ఇంటికి వెళ్ళలేదు. వెళ్ళి ఏం చెప్పాలో తేల్చుకుంటున్నట్టు రోడ్డు చూస్తూ కూర్చుంది.

"ఇప్పుడు కొత్తకోడలు" అన్నాడు ఉమాపతిగారు.

అయిదు అడుగులు. ఆ అయిదు అడుగుల్లో నాకు మా మేడమెట్లూ, పనసతొనల వాసనా, పెళ్ళిలో అతను నా కాలివేలికి మట్టె తొడుగుతుంటే కితకితలు పుట్టి నేను నవ్వేసిన సంగతీ అన్నీ గుర్తొచ్చాయి. ఇంక రెండు నిమిషాల్లో ఇవన్నీ ఒక కుట్రలో భాగమైపోతాయి. క్యాంపులో పరిచయం, మే నెలలో పెళ్ళి, మధ్యలో పదిహేడు కార్డులు. కాగితం మీద రాస్తే ఎంత చక్కగా అతుకుతుంది.

"ఎడమచెయ్యి, బొటనవేలు."

పెట్టాను. అద్దం చల్లగా ఉంది. ఆ చల్లదనం నాకు తెలుసు.

ఎర్రలైటు.

నాకు అర్థం కాలేదు. ఆయన అద్దం తుడిచాడు. మళ్ళీ పెట్టాను. ఎర్రలైటు. చూపుడువేలు పెట్టమన్నాడు. అదీ ఎర్రలైటే.

ఉమాపతిగారు నా చెయ్యి వైపు చూసి మొదటిసారి నవ్వాడు. "గోరింటాకు. ఇంత దట్టంగా పెట్టేరేటమ్మా? మెషీన్‌కి ఎరుపు తప్ప గీతలు కనపడవు. మా అమ్మాయికీ ఇంతే, ఆషాఢం వస్తే పదివేళ్ళకీ టోపీలే."

"పొరుగూళ్ళో పుట్టిల్లు, తల్లి ముద్దు సెయ్యదేటి" అంది రోడ్డవతల నుంచి మా అత్తగారి వీపు.

"అయితే ఏటి చేద్దాం?" అడిగాడు రఘు.

"ఏముంది, పెండింగ్ పెడతాను. పదిహేను రోజుల్లో రంగు పోతుంది. అప్పుడు మా ఆఫీసుకి వచ్చి పెట్టమనండి. కొత్తపెళ్ళికూతురు ఎక్కడికి పోతుంది." ఆయన నా పేరు రాసి, ఎదురుగా చిన్న చుక్క పెట్టి, యంత్రం తీగలు చుట్టడం మొదలెట్టాడు. "మీ ఇంట్లో మిగతావాళ్ళవి పొద్దున్నే చూసేను, ఆ పదహారుమందికీ బుల్లికి రాసిందే రాయాలి, పని అయిపోయినట్టే. గోడ మీద వేలు దొరకలేదని రాసేస్తాను. రేపటితో మీ డిపో సంగతి పైవాళ్ళు చూసుకుంటారు."

మావగారు ఆ బస్తాని మళ్ళీ మడత పెట్టారు.

తప్పించుకున్నాను. మా అమ్మ రుబ్బిన నాలుగు గుప్పిళ్ళ ఆకు నన్ను తప్పించింది. ఇంక గడప దిగి స్కూటరు ఎక్కడమే. పదిహేను రోజుల తర్వాత ఏ జ్వరమో తెచ్చుకోవచ్చు, ఏ వేడినీళ్ళో మీద పడ్డాయనొచ్చు.

కానీ నా కళ్ళు ఆ కాగితం మీంచి పోలేదు. బుల్లికీ మూడు ఎర్రలైట్లే. నాకూ మూడు ఎర్రలైట్లే. అవే లైట్లు, అదే అద్దం. ఆమె పేరు ఎదురుగా రద్దు. నా పేరు ఎదురుగా చుక్క. ఆమె వేళ్ళు నలభై ఏళ్ళ పని వల్ల కనపడలేదు, నావి ఒక మధ్యాహ్నపు ముద్దు వల్ల కనపడలేదు. ఆమె లేని మనిషైపోయింది, నేను పెళ్ళికూతుర్ని.

అరుగు మీంచి ఆమె నా వైపు చూసి, ఎవరికీ కనపడకుండా చెయ్యి ఊపింది. ఎల్లిపో అన్నట్టు.

"ఉమాపతిగారూ" అన్నాను.

"ఏమ్మా?"

"ఆ గోడ మీద వేలు నాది."

తీగ చుడుతున్న చెయ్యి ఆగింది. నేను ఆగితే మళ్ళీ చెప్పలేనని గబగబా చెప్పేశాను. క్యాంపు, నాలుగు బల్లలు, ఒకటే పాస్‌వర్డ్, చింతపండు చేతులు, ఎర్రలైటు. పదిహేడు మంది పేర్లూ వరసగా చెప్పాను. ఎవరి వీధి ఎక్కడో, ఎవరు ఏ రంగు చీర కట్టుకొచ్చారో కూడా చెప్పాను. వాళ్ళు ఉన్నారని అంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలీలేదు. గోరింటాకు వేలిని గోడ మీది కాగితం పక్కన ఆనించాను. గాటు పక్కన గాటు. యంత్రానికి కనపడలేదేమో గానీ అక్కడున్న అందరికీ కనపడింది.

"నువ్వామ్మా" అన్నారు మావగారు. అంతే అన్నారు. ఆయన మొహంలో కోపం వెతికాను, కనీసం అది ఉంటే పట్టుకుని నిలబడదామని. దొరకలేదు.

రోడ్డవతల మా అత్తగారు ఇటు తిరిగింది. ఆషాఢం సగం కూడా కాలేదు. తిన్నగా నా మొహంలోకి చూసింది.

ఉమాపతిగారు తీగ విప్పి, సంచిలోంచి కొత్త కాగితం తీశాడు. నామీద జాలిపడుతున్నాడని తెలుస్తూనే ఉంది. "మంచిపని చేసేవమ్మా. ఆ పదిహేడుమందీ మనుషులేనని ఇప్పుడు రాయగలను. బుల్లి కార్డు బతికింది."

అరుగు మీద ఉన్న బుల్లి సంతోషించలేదు. "ఎందుకు సెప్పేవమ్మా" అంది మెల్లిగా.

"కానీ ఇంకో గడి ఉంది" అన్నాడాయన కాగితం నా వైపు తిప్పి. "ఎవరి ప్రోద్బలంతో. ఇది ఖాళీగా వదిలితే పైన ఒప్పుకోరు."

"ఎవరూ లేరండీ. నేనే వేశాను. వాళ్ళ చేతులు చూసి."

"నేను నమ్ముతాను తల్లీ. నేను నమ్మితే సరిపోదు. పదిహేడు కార్డులూ ఒకే డిపోవి. వేలు ఆ డీలరు కోడలిది. దయతో వేసేనంటే ఆ గడిలో దయ అని రాయలేను కదా, మనిషి పేరే రాయాలి." కలం మూత తీశాడు. "మీ మావగారి పేరు రాయనా?"

"ఆయనకి అప్పుడు నేనెవరో కూడా తెలీదు."

"మరి ఎవరి పేరు?"

కలం మొన కాగితానికి ఒక అంగుళం పైన ఆగి ఉంది. ఈ గదిలో ఒకటే తలుపు. ఆ తలుపు దగ్గర నా మొగుడు నిలబడి ఉన్నాడు. నా గాటుని స్టేషను స్టేషనుగా ఎరిగిన మనిషి. ఈ కాగితం ఈ గోడకి అంటించి పద్దెనిమిది రోజులైంది. రోజూ దీని ముందే కూర్చుంటాడు. ఈ పద్దెనిమిది రోజుల్లో, మేడమెట్ల మీద, అతను రైలు లైను మాట ఒక్కసారి కూడా ఎత్తలేదని నాకు అప్పుడు తోచింది.

"నా పేరు రాయండి" అన్నాడు రఘు.

అతని చెవులు ఎర్రబడలేదు. నా వైపు చూడలేదు. తండ్రి వైపూ చూడలేదు. నన్ను కాపాడ్డానికి అబద్ధమాడుతున్నాడని నా మనసు పరుగెత్తుకెళ్ళి అతన్ని కౌగిలించుకోబోయింది. సగం దారిలో ఆగిపోయింది.

ఆ రోజు క్యాంపులో నాలుగు బల్లలున్నాయి. గుమ్మానికి దగ్గరగా ఉన్న మూడింటి దగ్గరా ఆపరేటర్లు ఖాళీగానే కూర్చున్నారు. బుల్లిని స్కూటరు మీంచి దింపి, ఆ మూడూ దాటించి, కొత్తగా చేరిన నా దగ్గరికే ఎందుకు తీసుకొచ్చాడో, తర్వాత ఆ పదహారుమందినీ నా బల్లకే ఎవరు పంపారో నేనెప్పుడూ అడగలేదు.